గోల్ఫ్ క్లబ్బులో మామూలు వాళ్ళని రానిస్తారా?

"గోల్ఫ్ డబ్బున్నవాళ్ళ ఆట కదా, మనలాంటి వాళ్ళని ఆ క్లబ్బుల గేటు దాటనిస్తారా?" అని అడిగారు. మన దగ్గర సంగతి తర్వాత చెబుతాను. ఆ ఆటకి పేరు తెచ్చిన ఊళ్ళో మాత్రం నిక్షేపంగా రానిస్తారు.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, వరి వ్యవసాయం. మా అమ్మాయి స్కాట్లాండ్‌లో ఉద్యోగం చేస్తోంది. వేసవిలో మేం వెళ్ళినప్పుడు నేను చెప్పిన ఆ ఊరికే, సెయింట్ ఆండ్రూస్‌కి, తీసుకెళ్ళింది. ఆ రోజు ఆదివారం. అక్కడి ఓల్డ్ కోర్స్ అనే పాత గోల్ఫ్ మైదానంలో పెద్ద పోటీలుంటే తప్ప ఆదివారం ఆట ఉండదు. ఊరి జనం కుక్కల్ని తిప్పుకుంటున్నారు, పిల్లల బళ్ళు తోసుకుంటున్నారు. మేమూ ఆ మైదానంలో వాగు మీదున్న స్విల్కన్ అనే పేరున్న రాతి వంతెన ఎక్కి ఫొటోలు దిగాం. టికెట్ లేదు, "ఎవరు మీరు" అన్నవాడు లేడు. ఆ నేల ఊరి ఉమ్మడి ఆస్తి. 1552లో అక్కడి ఆర్చ్‌బిషప్ ఆ ఇసుక నేలలో కుందేళ్ళు పెంచుకోవడానికి ఒప్పందం రాయించుకుంటే, ఊరివాళ్ళు గోల్ఫ్ ఆడుకునే హక్కు కూడా అందులోనే రాయించుకున్నారు. తెలివంటే అదీ!

మర్నాడు ఆ పక్కనే ఉన్న హిమాలయాస్ అనే పచ్చిక మీద ఆడాం. 1867లో మొదలైన ఆడవాళ్ళ క్లబ్బు అది. కర్ర భుజం పైకెత్తి కొట్టడం ఆడవాళ్ళకి మర్యాద కాదని అప్పట్లో అనేవారట, అందుకని బంతిని నేలమీద దొర్లించి గుంటలో పడేసే ఆట పెట్టుకున్నారు. ఇప్పుడు కొద్ది డబ్బులు కడితే ఎవరైనా ఆడొచ్చు. కర్ర, బంతి వాళ్ళే ఇస్తారు.

పచ్చికంతా గుట్టలూ పల్లాలూ. నేను కొట్టిన బంతి గుట్టెక్కి, కాసేపు ఆలోచించి, మళ్ళీ నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. వెనక వరసలో ఉన్న ఒక ముసలాయన నవ్వి, గుంట వైపు చూడొద్దు, నేల వాలు చూడమన్నాడు. అదైతే మనకి ఒకరు చెప్పాలా అండీ? మడిలోకి నీళ్ళు వదిలాక ఎటు పోతాయో గట్టుమీద నిలబడి చెప్పేస్తాం కదా, అలాగే చూశాను. ఆ తర్వాత బంతి తిన్నగా వెళ్ళి గుంట అంచున ఆగింది. మా ఆవిడ ఓ చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని, రెండో చేత్తో కొట్టి నాకన్నా ముందే ముగించేసింది. ముసలాయన ఆవిడకి చప్పట్లు కొట్టాడు, నాకు కొట్టలేదు.

ఇక మన దగ్గర. డెల్టాలో గోల్ఫ్ లేకపోవడానికి కారణం డబ్బు కాదు, కాటన్ దొర! గోల్ఫ్ పుట్టింది సముద్రం ఒడ్డున, పంటకి పనికిరాని ఇసుక నేలలో. ఇక్కడ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ పారిన ప్రతి సెంటూ మడి అయిపోయింది. ఆ మడుల్లో చాలావాటిని మళ్ళీ చేపల చెరువులు, రొయ్యల చెరువులు చేశారు. ఆటకి నేల ఎక్కడ మిగిలింది? పేరుపాలెం వైపు ఇసుక నేలలున్నా మనవాళ్ళకి అందులో సరుగుడు తోటే కనిపిస్తుంది. గోల్ఫ్ దాకా ఎందుకు, మా ఊరి బడి పిల్లలు క్రికెట్ ఆడేది పుంతరోడ్డు మీద. లారీ వస్తే వికెట్లు పీకి పక్కకి తప్పుకుంటారు.

ఆ మధ్య దగ్గర్లోని టౌనులో ఒక పాత క్లబ్బుకి పనిమీద వెళ్ళాను. పంచె చూసి వాచ్‌మన్ "మెంబరా?" అని గేటు దగ్గరే ఆపేశాడు. లోపల టెన్నిస్ కోర్టులో మోకాలెత్తు గడ్డి, పేకాట బల్లలు మాత్రం కిటకిట. ఇలాంటిచోట మీరు గోల్ఫ్ గురించి అడుగుతున్నారు!

నిజంగా నేర్చుకోవాలనుంటే మనకి దగ్గర విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది, హైదరాబాదులో గోల్కొండ నయా ఖిలా దగ్గర ఇంకోటి ఉంది. మెంబర్‌షిప్ అనగానే టెన్షన్ పడకుండా, బయటివాళ్ళకి కోచింగ్ ఇస్తారా, రోజువారీ ఫీజు ఎంత అని ముందు ఫోన్ చేసి కనుక్కోండి. కాలర్ ఉన్న చొక్కా వేసుకెళ్ళండి, చాలా క్లబ్బుల్లో అది లేకపోతే ఆడనివ్వరు. కిట్ మాత్రం మొదట్లోనే కొనకండి.