కోడింగ్ వచ్చినవాళ్లు క్వాంటమ్ ఎక్కడ మొదలెట్టాలి?

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా ప్రోగ్రామర్‌గా పని చేస్తున్నానండి, జావా, పైథాన్ రెండూ బాగానే వచ్చు. క్వాంటమ్ కంప్యూటింగ్ నేర్చుకుందామని మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లూ మధ్యలో ఆపేశా. వీడియోల్లోనేమో క్యూబిట్ (క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటిది) ఒకేసారి సున్నా, ఒకటి రెండూ అవుతుంది కాబట్టి అన్ని జవాబులూ ఒక్కసారే ట్రై చేసేస్తుంది అంటారు, పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ష్రోడింగర్ సమీకరణం. ముందు ఫిజిక్స్ అంతా చదవాలా?

జవాబు: అక్కర్లేదండి. ఫిజిక్స్ కంటే ముందు మీ దారికి అడ్డుపడుతున్నది ఆ "అన్నీ ఒక్కసారే ట్రై చేస్తుంది" అనే మాట, దాన్ని పక్కన పెట్టేయండి. అన్ని జవాబులూ లోపల ఉన్నా మీరు కొలిచినప్పుడు చేతికొచ్చేది ఒక్కటే, అది కూడా ఏదొస్తుందో తెలీదు, అలాంటప్పుడు ర్యాండమ్ నంబర్ తీసుకున్నదానికీ దీనికీ తేడా ఏముంది? తేడా అంతా మైనస్ గుర్తులో ఉంది.

ఒక క్యూబిట్ అంటే మీకు రెండు నంబర్ల అర్రే అనుకోండి, వాటిని ఆంప్లిట్యూడ్‌లు అంటారు. వాటి వర్గమే ప్రాబబిలిటీ. కానీ ప్రాబబిలిటీ మైనస్ అవ్వదు, ఆంప్లిట్యూడ్ అవ్వొచ్చు, కాంప్లెక్స్ నంబర్ కూడా అవ్వొచ్చు (అప్పుడు దాని పరిమాణాన్ని వర్గం చేయాలి). గేట్ అంటే ఆ అర్రేని గుణించే మ్యాట్రిక్స్. సున్నాలో ఉన్న క్యూబిట్ మీద హాడమార్డ్ గేట్ వేస్తే 0.707, 0.707 వస్తాయి, అంటే సగం సగం ఛాన్స్, నాణెం ఎగరేసినట్టే. ఇప్పుడు అదే గేట్ ఇంకోసారి వేయండి. నాణెమైతే రెండోసారి ఎగరేసినా సగం సగమే కదా, ఇక్కడ మాత్రం నూటికి నూరుపాళ్లూ సున్నానే వస్తుంది, ఎందుకంటే ఈ గేట్ ఒకటిని 0.707, మైనస్ 0.707గా మారుస్తుంది, అందుకే ఒకటికి దారితీసే రెండు మార్గాల్లో ఒకటి ప్లస్ 0.5, ఇంకోటి మైనస్ 0.5, రెండూ కొట్టుకుపోయాయి. దీన్నే ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. తప్పు జవాబులు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా, సరైన జవాబు బలపడేలా గేట్లు పేర్చడమే క్వాంటమ్ ప్రోగ్రామింగ్. ఇది కాగితం మీద చేత్తో చేసి చూడండి, పది నిమిషాల పని, నిజంగా చెప్తున్నా వంద వీడియోల కంటే ఎక్కువ అర్థమవుతుంది.

తర్వాత క్విస్కిట్, సర్క్ లాంటి రెడీమేడ్ క్వాంటమ్ లైబ్రరీల జోలికి వెంటనే పోకండి, పైథాన్‌లో నంపై పెట్టుకుని మీ సొంత సిమ్యులేటర్ రాయండి, హాడమార్డ్, ఎక్స్ (సున్నా, ఒకటిని తారుమారు చేసే గేట్), సీనాట్ (మొదటి క్యూబిట్ ఒకటైతేనే రెండోదాన్ని తారుమారు చేసే గేట్), కొలవడానికి ఒక మెజర్ ఫంక్షన్ ఉంటే చాలు మొదటికి. లైబ్రరీతో మొదలెడితే సర్క్యూట్ బొమ్మ అందంగా వస్తుంది గానీ లోపల ఏం జరిగిందో తెలీదు. మీకు కావల్సిన గణితం లీనియర్ ఆల్జీబ్రా, కాంప్లెక్స్ నంబర్లు, కాస్త ప్రాబబిలిటీ, అంతే.

సిమ్యులేటర్ నడిచాక 1996లో లోవ్ గ్రోవర్ ఇచ్చిన సెర్చ్ ఆల్గరిథమ్ 4 క్యూబిట్లతో రాయండి. 16 వాటిలో ఒకటి వెతకాలి. ఆల్గరిథమ్‌లో పదేపదే వేసే గేట్ల వరసని ఒక రౌండ్ అనుకుంటే, 3 రౌండ్లు తిప్పితే సరైన జవాబు వచ్చే అవకాశం 96 శాతం. ఇంకా బాగా రావాలని నాలుగో రౌండ్ తిప్పారనుకోండి, 58కి పడిపోతుంది, ఆరో రౌండ్‌కి 2 శాతమే! లూప్ ఎక్కువసార్లు తిరిగితే జవాబు పాడైపోవడం మనకి అలవాటు లేని సంగతి, అందుకే దీన్ని ప్రింట్ చేసి కళ్లారా చూడాలి. ఆ ప్రింట్ చేసే వీలు కూడా సిమ్యులేటర్‌లోనే, అసలు మెషీన్‌లో మధ్యలో తొంగిచూస్తే అది కొలవడం కిందే లెక్క, స్టేట్ (అంటే ఆ ఆంప్లిట్యూడ్‌ల అర్రే) చెదిరిపోతుంది, పోనీ కాపీ తీసి చూద్దామంటే తెలియని స్టేట్‌ని కాపీ చేయడం కుదరదని 1982లోనే నిరూపించారు.

1994లో పీటర్ షోర్ ఇచ్చిన ఫ్యాక్టరింగ్ (పెద్ద సంఖ్యని కారణాంకాలుగా విడగొట్టే) ఆల్గరిథమ్ దీని తర్వాతే ముట్టుకోండి, దానికి ముందు క్వాంటమ్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ (ఆంప్లిట్యూడ్‌లలో దాగిన ఆవృత్తిని బయటపెట్టే గేట్ల వరస) అర్థమవ్వాలి.

ప్రశ్న: నా దగ్గర మామూలు ల్యాప్‌టాపే ఉంది, నిజమైన క్వాంటమ్ మెషీన్ లేకుండా నేర్చుకోగలనా?

జవాబు: హాయిగా నేర్చుకోవచ్చు. 20 క్యూబిట్లయితే పది లక్షల చిల్లర ఆంప్లిట్యూడ్‌లు, ఒక్కోటి 16 బైట్లు, మొత్తం 16 ఎంబీ. 30 అయితే 16 జీబీ ర్యామ్ కావాలి, ఒక్క క్యూబిట్ పెరిగితే అది రెట్టింపు. నేర్చుకోడానికి పది దాటక్కర్లేదు. కానీ ఒక్కసారైనా అసలు మెషీన్ మీద రన్ చేయండి, 2016లో ఐబీఎం 5 క్యూబిట్ల మెషీన్‌ని క్లౌడ్‌లో పెట్టినప్పట్నుంచీ అది మామూలు మనుషులకి కూడా అందుబాటులోకి వచ్చింది. సిమ్యులేటర్‌లో పక్కాగా వచ్చిన రిజల్ట్ అక్కడ నాయిస్ వల్ల కాస్త చెదిరి వస్తుంది, గేట్లు పెరిగేకొద్దీ ఇంకా చెదురుతుంది. ఎర్రర్ కరెక్షన్ కోసం అంతమంది ఎందుకు కష్టపడుతున్నారో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: ఉన్న ఉద్యోగం వదిలేసి దీంట్లోకి రావచ్చా?

జవాబు: వదలొద్దండి, వారానికి నాలుగు గంటలు పెట్టండి చాలు. ఈలోగా మీ ఉద్యోగంలోనే చేయాల్సిన క్వాంటమ్ పని ఒకటుంది. షోర్ ఆల్గరిథమ్ నడపగలిగే పెద్ద మెషీన్ వస్తే ఇంటర్నెట్‌లో డేటాని రహస్యంగా ఉంచడానికి వాడే ఆర్‌ఎస్‌ఏ, ఎలిప్టిక్ కర్వ్ ఎన్‌క్రిప్షన్ పద్ధతులు రెండూ విరిగిపోతాయి, ఈరోజు దొంగిలించి దాచుకున్న డేటాని కూడా అప్పుడు తెరవొచ్చు. అందుకే అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2024 ఆగస్టులో దీన్ని తట్టుకునే మూడు కొత్త ఎన్‌క్రిప్షన్, డిజిటల్ సంతకాల స్టాండర్డ్‌లు ఇచ్చింది, ఇవి మామూలు కంప్యూటర్ల మీదే నడుస్తాయి. మీ కోడ్‌లో ఆ పాత పద్ధతుల కీలు ఎక్కడెక్కడ వాడారో, ఏ డేటా పదేళ్ల తర్వాత కూడా రహస్యంగానే ఉండాలో ముందు ఒక లిస్ట్ రాయండి.