మకస్సార్ జలసంధిలో మారే ప్రవాహాలు

ప్రశ్న: ఇండొనేషియాలోని మకస్సార్ జలసంధి గుండా పసిఫిక్ నీరు హిందూ మహాసముద్రంలోకి వస్తుందని చదివాను. ఆ నీరు పైభాగంలో కన్నా లోపలే వేగంగా సాగుతుందనీ, ఒక్కోసారి వెనక్కి మళ్లుతుందనీ అంటారు. పల్లానికి పారే నీరు అలా ఎందుకు చేస్తుంది?
– ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్

జవాబు: ఆ ప్రవాహానికి మూలం మీరన్న ఎత్తుపల్లాలే. వాణిజ్య పవనాలు నీటిని పడమరకు తోయడం వల్ల పసిఫిక్ పశ్చిమ అంచున సముద్ర మట్టం హిందూ మహాసముద్రం వైపు కన్నా కొంత ఎక్కువగా ఉంటుంది. ఆ తేడాయే బోర్నియో, సులావెసి దీవుల నడుమ నుంచి నీటిని దక్షిణానికి నడిపిస్తుంది. సముద్రగర్భానికి లంగరు వేసి నిలిపిన పరికరాలతో 2004 నుంచి 2006 వరకు కొలిచినప్పుడు ఈ ఒక్క దారిలోనే సెకనుకు సగటున దాదాపు కోటీ పదహారు లక్షల ఘనపు మీటర్ల నీరు సాగుతున్నట్లు తేలింది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద గోదావరి సెకనుకు దాదాపు లక్ష ఘనపు మీటర్లు పారింది కనుక, ఇది దానికి వంద రెట్లకు మించినది. పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల నీరు మామూలు కన్నా వేడెక్కే ఎల్ నినో ఏర్పడితే ఈ ప్రవాహం తగ్గుతుంది, దానికి విరుద్ధంగా ఆ నీరు చల్లబడే లా నినాలో పెరుగుతుంది.

అయితే నది వాలు స్థిరం, జలసంధి వాలు మాత్రం రుతువునూ లోతునూ బట్టి మారుతుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు వీచే వాయవ్య రుతుపవనాలు, వానలతో ఉప్పదనం తగ్గి తేలికపడిన జావా సముద్రపు నీటిని జలసంధి దక్షిణ ముఖం వద్దకు చేరుస్తాయి. ఆ నీరు అక్కడ మట్టాన్ని పెంచి పైపొర ప్రవాహాన్ని అడ్డుకుంటుంది, లోపలి పొరలు మాత్రం సాగిపోతూనే ఉంటాయి. అందుకే వేగం సుమారు వంద మీటర్లు దాటిన లోతులో గరిష్ఠంగా ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు: దీనివల్ల హిందూ మహాసముద్రానికి అందేది ఉపరితలపు వేడి నీటి కన్నా ఎక్కువగా లోపలి చల్లని నీరే. ఆగ్నేయ పవనాలు బలపడే జూలై–సెప్టెంబరు నెలల్లో ఆ అడ్డు తొలగి పైపొర కూడా వేగం అందుకుంటుంది.

ఇక వెనక్కి మళ్లడానికి కారణం హిందూ మహాసముద్రంలో ఉంది. రుతుపవనాలు మారే ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరు నెలల్లో భూమధ్యరేఖ వెంట వీచే పడమటి గాలులు కెల్విన్ తరంగాలను పుట్టిస్తాయి. ఇవి కంటికి కనిపించే కెరటాలు కావు. తూర్పుకు సాగుతూ సముద్ర మట్టాన్నీ, లోపలి పొరలనూ కదిలించే విశాలమైన చలనాలు. సుమత్రా తీరాన్ని తాకి అవి రెండుగా చీలుతాయి. దక్షిణ శాఖ జావా తీరం వెంట వెళ్లి, బాలి దీవికి తూర్పున ఉన్న లొంబోక్ జలసంధి గుండా మకస్సార్ చేరి ఎదురు నిలుస్తుంది. 1997 మే నెలలో అటువంటి తరంగం అక్కడి ప్రవాహాన్ని ఉత్తరానికి మళ్లించడం పరికరాల్లో నమోదైంది.

ఉత్తర శాఖ మన వైపు వస్తుంది. అది అండమాన్ సముద్రం మీదుగా బంగాళాఖాతం అంచుల వెంట తిరిగి ఆంధ్ర తీరానికి చేరుతుంది, ఇక్కడి సముద్ర మట్టంలోనూ తీర ప్రవాహంలోనూ మార్పు తెస్తుంది. కాబట్టి మకస్సార్‌ను ఎదిరించే గాలులే విశాఖపట్నం ముందున్న నీటినీ కదిలిస్తున్నాయి. మీకు ఆసక్తి ఉంటే, మన నగరంలోనే ఉన్న ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) సంస్థ వెబ్‌సైట్‌లో హిందూ మహాసముద్ర ప్రవాహాల అంచనాలను చూడవచ్చు.