పాడుబడ్డ గడీలో ఏం చూడాలి?

ప్రశ్న: 1840ల నాటి తెలంగాణ దేశ్‌ముఖ్ కుటుంబం మీద నవల రాస్తున్నాను. వాళ్లలాంటి దొరలు కట్టుకున్న కోటలాంటి ఇల్లు, అంటే గడీ, పాడుబడ్డది ఒకటి చూడ్డానికి వారసులు ఒప్పుకున్నారు, అదీ ఒక్కరోజే. ఏమేం చూసి రాసుకోవాలి?

జవాబు: కనిపించేదంతా మీ కథాకాలం నాటిదే అనుకుంటే మొదటికే మోసం. గడీలకు ప్రతి తరమూ ఏదో ఒకటి చేరుస్తూనే వచ్చింది. అందుకని ముందు కొత్తవాటిని ఏరి పక్కన పెట్టండి. కప్పుతో మొదలుపెట్టండి. బెంగుళూరు పెంకు ఉంటే ఆ కప్పు మీకు పనికిరాదు. పేరు బెంగుళూరుదైనా, ఆ రకం పెంకు మంగుళూరులో తయారవడం మొదలైందే 1865లో. గూనపెంకు ఉందని సంబరపడకండి, దాన్ని మొన్నమొన్నటిదాకా వేశారు. ఇనుప గర్డర్లు కనిపిస్తే అవి సికింద్రాబాదుకు రైలొచ్చిన 1874 తర్వాతివే అయివుంటాయి. గోడ పెచ్చులూడిన చోట బూడిదరంగులో రాయిలా ఉన్నది సిమెంటు, అంటే 20వ శతాబ్దపు మరమ్మతు. పాతకాలపు గానుగ సున్నం, అంటే డంగుసున్నం, తెల్లగా ఉంటుంది.

తర్వాత టేపు తీయండి. గోడ మందం, ద్వారబంధం ఎత్తు, మెట్టు ఎత్తు, పెద్ద దర్వాజ నుంచి లోపలి వాకిలికి ఎంత దూరమో రాసుకోండి. దర్వాజ దగ్గర నిలబడ్డ రైతుకు లోపలి ఆడవాళ్ల గదులు కనిపిస్తాయా? వాకిట్లో ఒకరిని మామూలు గొంతుతో మాట్లాడమని, మీరు ఒక్కో గదిలోంచీ వినండి. నవలలో ఎవరు ఏం చూశారు, ఏం విన్నారు అన్నది ఇక్కడే తేలుతుంది. ఫొటోలు ఎన్ని తీసినా ఈ సంగతి చెప్పవు.

వారసులు కాగితాలు చూపిస్తే వాటిమీది ఫసలీ సంవత్సరానికి (సర్కారు శిస్తు లెక్కల సంవత్సరం) 590 కలపండి: ఫసలీ 1255 అంటే సుమారు 1845. నెలలు సరిపోవు కాబట్టి ఏడాది అటూఇటూ చూసుకోవాలి. ఆ కాలపు సర్కారు దఫ్తరు పారసీలో నడిచింది, ఉర్దూకు మారింది 1880లలో. ఉర్దూ సర్కారు కాగితం చూపించి ‘ముత్తాత నాటిది’ అన్నా తేదీ చదివించుకోండి.

ప్రశ్న: మేడ ఎక్కొచ్చా?

జవాబు: కింది నుంచి దూలాల కొసలు చూడండి. గోడలోకి దిగే చోటే వాన నీరు నిలుస్తుంది, చెదలూ అక్కడే పడతాయి. నడుమ గట్టిగానే కనిపిస్తుంది. తడి మరకో, చెదలు కట్టిన మట్టి చారో ఉంటే ఎక్కొద్దు. గబ్బిలాల గదిలో రెట్ట కదిలించకండి, ఆ దుమ్ములోని బూజు ఊపిరితిత్తులకు సోకవచ్చు. ఎన్-95 మాస్కు పెట్టుకోండి.