విజయనగరం కరెంటు కొనుగోలు గురించి మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నగరపాలక సంస్థ ఇకపై కరెంటును డిస్కం (కరెంటు పంపిణీ చేసే సంస్థ) ఒక్కదాని దగ్గరే కాక ఇతరుల దగ్గర కూడా కొనుక్కునే వీలుందేమో పరిశీలించమన్నారనీ, ఆ నోటు రాసే పని నీ మీద పడిందనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. దానితో నువ్వు పంపిన అమెరికా నగరాల కాగితాలు కూడా చదివాను.

ముందు వాటి సంగతి తేల్చేద్దాం. మసాచుసెట్స్ 1997లో, కాలిఫోర్నియా 2002లో చేసిన చట్టాల వల్ల అక్కడి పట్టణాలు తమ ప్రజలందరి తరఫునా కరెంటు కొనగలుగుతున్నాయి. కాలిఫోర్నియాలో మెరిన్ కౌంటీ 2010లో అలా మొదలుపెట్టింది. వద్దని చెప్పినవారి ఇళ్లు తప్ప తక్కినవన్నీ అందులో చేరినట్టే లెక్క. స్తంభాలు, తీగలు మాత్రం పాత కంపెనీవే. మనకు ఆ దారి లేదు. 2003 విద్యుత్ చట్టం ఇచ్చిన ఓపెన్ యాక్సెస్, అంటే డిస్కం తీగల మీదే వేరేవారి దగ్గర కరెంటు కొనుక్కునే హక్కు, వాడుకునేవాడికి తన సొంత సర్వీసుల (కనెక్షన్ల) మేరకే వర్తిస్తుంది. కాబట్టి కంటోన్మెంటులో ఎవరింటి బిల్లూ నీ నోటులోకి రాకూడదు. కార్పొరేషన్ కట్టే బిల్లులు మాత్రమే రావాలి.

మొదట్లో ఈ హక్కు ఒక మెగావాట్ దాటిన పెద్ద వినియోగదారులకే అక్కరకొచ్చేది కనుక ఫర్నేసులు నడిపేవారు తప్ప మునిసిపాలిటీలు అటు చూడలేదు. 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన హరిత విద్యుత్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు ఆ హద్దును 100 కిలోవాట్లకు దించాయి. 2023 సవరణతో ఒకే ఎలక్ట్రికల్ డివిజన్‌లో (డిస్కం తన పరిధిని విడదీసుకున్న ప్రాంతాల్లో ఒకటి) ఉన్న అనేక సర్వీసులను కలిపి 100 కిలోవాట్లు చూపించినా సరిపోతుంది. నీకు పనికొచ్చేది ఈ సవరణే. నెల్లిమర్ల వైపు నీటి పంపులూ పట్టణంలోని సర్వీసులూ ఒకే డివిజన్ కిందికి వస్తాయో రావో మన డిస్కం ఈపీడీసీఎల్ వారి చేత కాగితం మీద రాయించుకో. నోటిమాట మీద నోటు రాయకు.

ఇక అసలు విషయం. ఎవరి దగ్గర కొనాలన్న ప్రశ్నకు ముందు, మన వాడకంలో రాత్రి నుంచి పగటికి వేళ మార్చుకోగలిగినది ఎంత అన్న లెక్క తేలాలి. ఈ నిబంధనల కింద మనకు చవకగా దొరికేది ప్రధానంగా ఎండ కరెంటు. మూడు లాంతర్ల కూడలి దగ్గర దీపం వెలగవలసిందేమో చీకటి పడ్డాక. వీధి దీపాల కోసం సౌర విద్యుత్తు కొంటే పగలు పుట్టిన యూనిట్లను డిస్కం ఖాతాలో జమ వేసి రాత్రి తీసుకోవాలి. దీన్నే బ్యాంకింగ్ అంటారు. దానికి రుసుమూ ఉంటుంది, పరిమితీ ఉంటుంది. నెలలోపు వాడుకోని యూనిట్లు మన చేతికి రావు. నీటి పంపుల సంగతి వేరు. చంపావతి ఊటబావుల నుంచి తోడిన నీరు ట్యాంకుల్లో నిలుస్తుంది కనుక, ఆ ట్యాంకుల సామర్థ్యం చాలినంత వరకు పంపులను పగలే నడపవచ్చు. నీళ్లు నిలవచేయడమంటే కరెంటు నిలవచేయడమే; బ్యాటరీ ఖర్చు మాత్రం ఉండదు.

ఉదాహరణకు 75 కిలోవాట్ల మోటార్లు రెండు రోజుకు 16 గంటలు తిరిగితే 2,400 యూనిట్లు కాలతాయి. కిలోవాట్ సౌర ఫలకాలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయనుకుంటే, దానికి 600 కిలోవాట్ల ప్లాంటు సరిపోతుందని కాగితం మీద తేలుతుంది. కానీ ఆ 16 గంటల్లో సగం రాత్రివైతే ఆ లెక్క తప్పు. అదే నీరు పగటి 8 గంటల్లో తోడాలంటే మోటార్లు రెట్టింపు కావాలి, పైపు తట్టుకోవాలి, కాంట్రాక్ట్ డిమాండ్ (డిస్కంతో రాసుకున్న గరిష్ఠ లోడు) పెరుగుతుంది. అందుకని నోటు రాసేముందు నీటి సరఫరా విభాగం అసిస్టెంట్ ఇంజినీరును వెంటబెట్టుకుని పంపుహౌస్‌లో ఒక పూట కూర్చో. మీటరు 15 నిమిషాలకొకసారి నమోదు చేసే రీడింగులను ఏడాదివి తీయించు.

ధర విషయంలో అమ్మేవాడు చెప్పే అంకె వేరు, మన మీటరు దగ్గరికి వచ్చేసరికి పడే అంకె వేరు. ట్రాన్స్‌మిషన్ చార్జీ (పెద్ద లైన్ల అద్దె), వీలింగ్ చార్జీ (డిస్కం తీగల అద్దె), దారిలో పోయే నష్టాలు, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ (మనం బయట కొన్నందుకు డిస్కం పోగొట్టుకునే సబ్సిడీ సొమ్ము భర్తీకి వేసేది) అన్నీ కలుపు. ఆ సర్‌చార్జీ మన కేటగిరీ టారిఫ్‌లో 20 శాతం దాటరాదని 2016 టారిఫ్ విధానం చెబుతోంది. డిస్కంకు ఫిక్స్‌డ్ చార్జీలు (వాడినా వాడకపోయినా నెలనెలా కట్టేవి) కడుతూనే ఉంటే, మనం తప్పుకున్నా డిస్కం మోయవలసిన పాత ఒప్పందాల ఖర్చు కోసం వేసే అదనపు సర్‌చార్జీ ఉండదని 2022 నిబంధనలు అంటున్నాయి. ఆ మినహాయింపు చూసి సంబరపడకు, ఫిక్స్‌డ్ చార్జీ కట్టడం మాత్రం తప్పదు.

ఉద్యోగ విరమణ తరువాత నేను సలహాదారుగా ఉన్న ఒక కర్మాగారం క్యాప్టివ్ పద్ధతిలో, అంటే కరెంటు వాడుకునేవారే యజమానులుగా ఉండే పద్ధతిలో, ఒక విద్యుత్ ప్లాంటులో వాటా తీసుకుంది. ఆ పద్ధతిలో వాడుకునేవారికి కనీసం 26 శాతం వాటా ఉండాలి, ఏడాదిలో పుట్టిన కరెంటులో 51 శాతమైనా వారే వాడుకోవాలి. వాటా సంగతి జాగ్రత్తగానే చూశాం. వాడకం దగ్గర పప్పులో కాలేశాం. ఆ ఏడు గిరాకీ లేక నాలుగు నెలలు యంత్రాలు ఆగాయి, 51 శాతం అందలేదు, క్యాప్టివ్‌కు ఉండే మినహాయింపు పోయి మొత్తం ఏడాదికీ క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ పడింది. తప్పులో నాకూ భాగముంది. ఒప్పందం కాగితాలు నేనే చదివాను. నగరానికి నీళ్ల గిరాకీ అలా పడిపోదు కానీ, కౌన్సిల్ మారినప్పుడు పన్నెండేళ్ల, పాతికేళ్ల ఒప్పందాన్ని కొత్తవారు ఎలా చూస్తారన్నది నువ్వు ఆలోచించవలసిన విషయం.

నన్నడిగితే వరుస ఇలా ఉండాలి. మొదట నీటి శుద్ధి కేంద్రం పైకప్పులూ ఖాళీ జాగాలూ చూసి సొంత ఫలకాలు పెట్టించండి. మీటరు ఇవతలే పుట్టే కరెంటుకు వీలింగ్ లేదు, సర్‌చార్జీ లేదు. ఆపైన హెచ్‌టీ (హై టెన్షన్) పంపు సర్వీసులకు మాత్రం బయట కొనుగోలు పెట్టుకోండి. వీధి దీపాలను డిస్కం దగ్గరే ఉంచండి. పేరు కోసం హరిత నగరం అనిపించుకోవాలంటే డిస్కంనే హరిత విద్యుత్ అడగవచ్చు. 25 శాతం చొప్పున పెంచుకుంటూ కోరే వీలు నిబంధనల్లో ఉంది, కనీసం ఏడాదికి కట్టుబడాలి. ఇంధన ఎక్స్‌చేంజ్‌లో (కరెంటు అమ్మకాలు, కొనుగోళ్లు జరిగే మార్కెట్లో) పావుగంటకొకసారి మారే ధరలకు కొనే పని మాత్రం మొదటి ఏడాది పెట్టుకోవద్దు. దానికి రోజూ ముందుచూపుతో లెక్కవేసే మనిషి కావాలి, ఆ పోస్టు మీకు మంజూరు కాలేదు కదా!

ఇంకొకటి. ఎవరి దగ్గర కొన్నా తీగ ఈపీడీసీఎల్‌దే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు వచ్చిన అక్టోబరు రోజులు నీకు గుర్తున్నాయి కదా. స్తంభం కూలితే ఒప్పందం ఎవరితో ఉన్నా పంపు ఆగుతుంది, దాన్ని నిలబెట్టేది డిస్కం లైన్‌మెనే. అందుచేత స్టాండ్‌బై సరఫరా (బయట కొన్న కరెంటు ఆగినప్పుడు డిస్కం ఇచ్చేది) షరతులు స్పష్టంగా రాయించుకో, పంపుహౌస్‌లో జనరేటరు తీసేయకు. పాత బకాయిలుంటే దరఖాస్తు అక్కడే ఆగే ప్రమాదం ఉంది కనుక, ఖాతాలు సరిచూసుకున్న తరువాతే తీర్మానం పెట్టించు.

గత పన్నెండు నెలల హెచ్‌టీ బిల్లులు, కాంట్రాక్ట్ డిమాండ్ కాగితాలు, ట్యాంకుల కొలతలు తీసుకుని ఆదివారం ఇంటికి రా. అత్తయ్య నిన్ను భోజనానికి ఉండమంటోంది.

ఇట్లు,
మీ మామయ్య