ఆటల పేజీ: సీడ్ కొట్టి ఆడిన టైమూ, కొట్టకుండా ఆడిన టైమూ ఒకే చార్టు మీదా?

ప్రశ్న: మేం భీమవరంలో ఇంజనీరింగ్ చదివే ఏడుగురం. స్లే ది స్పైర్ అనే కార్డుల కంప్యూటర్ ఆటను ఎవరు తొందరగా పూర్తి చేస్తారో చూసుకుని రూమ్ తలుపు మీద చార్టు అంటించి టైములు రాసుకుంటున్నాం. ఒకడు ముందే తెలిసిన సీడ్ (ఆట తన దారిని తయారు చేసుకునే కోడ్) కొట్టి ఆడి 24 నిమిషాలని రాశాడు. సీడ్ లేకుండా ఆడిన నా టైము 41. ఇంకొకడు ఫైట్ ఓడిపోతున్నాడనగా మెనూకి వెళ్లి మళ్లీ లోడ్ చేస్తాడు. రోజూ గొడవే. రూల్స్ ఎలా రాసుకోవాలి సార్?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: తమ్ముడూ, మీ చార్టు మీద ఉన్నవి రెండు వేరు వేరు పందేల టైములు. వాటిని ఒకే వరసలో రాయబట్టే గొడవ. సీడ్ కొట్టినవాడు మోసం చేశాడని నేను అనను. కొట్టకూడదని మీరు ముందు అనుకోలేదు కదా.

1980లో వచ్చిన రోగ్ అనే ఆట పేరు మీదే ఇలాంటి ఆటల్ని రోగ్‌లైక్‌లు అంటారు. చస్తే మళ్లీ మొదటి నుంచి, ప్రతిసారీ కొత్త దారి. ఆ దారిని ఆట ఒక సీడ్ నుంచి తయారు చేస్తుంది. అదే సీడ్ మళ్లీ ఇస్తే అదే మ్యాపు, అవే శత్రువులు, అవే కార్డులు. సీడ్ తెలిసినవాడు దారంతా కంఠతా పట్టి పరిగెడతాడు. తెలియనివాడు ఎదురుపడ్డదాన్ని చూసి అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. రెండూ కష్టమే, కానీ పరీక్షించేది ఒకే విద్యను కాదు. సీడ్ కొట్టి ఆడితే స్లే ది స్పైర్ కూడా అచీవ్‌మెంట్లు అనే గుర్తింపులు ఇవ్వదు. కాబట్టి రెండు చార్టులు పెట్టండి.

మీలాంటి చిన్న గుంపుకి నాకు ఇంకా నచ్చే పద్ధతి ఒకటుంది. ఆ రోజు ఆడనివాడితో ఒక సీడ్ కాగితం మీద రాయించి కవర్లో పెట్టండి. అందరూ కూర్చున్నాక విప్పండి. ఒక్కసారే ఆడాలి. స్పెలంకీ అనే గుహల ఆటలో డైలీ ఛాలెంజ్ ఇలాంటిదే: ఆ రోజుకి అందరికీ అవే గుహలు, మనిషికి ఒక్కటే ప్రయత్నం. డూప్లికేట్ బ్రిడ్జ్ అనే పేకాట ఆడేవాళ్లు కూడా పంచిన ముక్కల్నే అన్ని బల్లలకూ తిప్పుతారు. అందరికీ ఒకే అదృష్టం వస్తే, తేడా చూపించేది ఆడే చేయి.

పాలకొల్లులో నాకు నెట్ సెంటర్ ఉన్న రోజుల్లో, 2013 వేసవిలో, స్పెలంకీ పోటీ పెట్టాను. 2008లో డెరెక్ యు ఉచితంగా ఇచ్చిన పాత వెర్షనే, మా పాత సిస్టమ్‌ల మీద కూడా నడిచేది. మొదటి బహుమతి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. ఒక కుర్రాడికి రెండో లెవెల్ దుకాణంలోనే టెలిపోర్టర్ దొరికింది. దాంతో గోడలు దాటుకుంటూ, మిగతావాళ్లు సగం దూరం రాకముందే ముగించేశాడు. అందరూ గోల పెట్టారు. నేను అప్పటికప్పుడు టెలిపోర్టర్ చెల్లదని చెప్పి పెట్టె రెండోవాడికి ఇచ్చాను. ఆ కుర్రాడు ఒక్క మాట అనకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు, మళ్లీ మా సెంటర్ గుమ్మం తొక్కలేదు. నేను చేసింది తప్పు. స్పెలంకీలో టెలిపోర్టర్ లేకుండా అని ఒక విడి కేటగిరీ ఉంటుందని తర్వాత తెలిసింది. ఆ ముక్క పొద్దునే బోర్డు మీద రాసి ఉంటే సరిపోయేది.

ఇక లోడ్ చేసే మిత్రుడి సంగతి. స్లే ది స్పైర్‌లో ఫైట్ మధ్యలో బయటకు వెళ్లి మళ్లీ వస్తే ఆ ఫైట్ మొదటి నుంచి మొదలవుతుంది, కార్డులు కూడా అదే వరసలో వస్తాయి. అంటే ప్రశ్నపత్రం చూసి వచ్చి పరీక్ష రాసినట్టు. మీ పందెంలో దాన్ని ఒప్పుకోకండి. కరెంటు పోతే మాత్రం ఆ రన్ (మొదలుపెట్టిన ఆట) వదిలేసి కొత్తది ఆడనివ్వండి. వానాకాలంలో మన వైపు ఈ రూలు తప్పకుండా కావాలి.

చార్టులో టైము పక్కన ఏ పాత్రో రాయండి. ఆటలో ఎంచుకోవడానికి ఉన్న నాలుగు పాత్రల్లో వాచర్‌తో వచ్చే టైముని ఐరన్‌క్లాడ్ టైముతో పోల్చలేం. అసెన్షన్ (కష్టం స్థాయి) ఎంతో, మూడో యాక్ట్ (భాగం) చివరి పెద్ద శత్రువైన బాస్‌తో ముగించారో, ఆ తర్వాత వచ్చే హార్ట్ అనే బాస్ దాకా వెళ్లారో కూడా ఉండాలి. గడియారం పాత్రను ఎంచుకున్న క్షణం మొదలై, చివరి బాస్ పడిన క్షణం ఆగాలి. ఒకరి ల్యాప్‌టాప్ నెమ్మదిదైతే, అందరూ దాని మీదే వంతులవారీగా ఆడండి. నెట్‌హ్యాక్ అనే రోగ్‌లైక్ ఆడేవాళ్లు గడియారం టైమూ, వేసిన ఎత్తుల లెక్కా విడివిడిగా పెట్టుకుంటారు. మీకు ఎత్తుల లెక్క అవసరం లేదనుకుంటాను.

రన్ మొత్తం రికార్డు చేయండి. 2020లో పేరున్న ఒక ఆటగాడి మైన్‌క్రాఫ్ట్ రన్‌ను పరిశీలకులు లిస్టులోంచి తీసేశారు. వీడియోలన్నీ చూసి, అంత అదృష్టం కలిసి రావడం 7.5 లక్షల కోట్లలో ఒక వంతని లెక్క కట్టారు. మరుసటి ఏడాది, తన ఆటలో మాడ్ (ఆటను మార్చే అదనపు ప్రోగ్రామ్) ఉందని ఆయనే ఒప్పుకున్నాడు. వీడియోలు లేకపోతే అది ఒకరి మాటకి ఒకరి మాటగానే మిగిలిపోయేది.

ప్రశ్న: మా అబ్బాయి ఐజాక్ అనే ఆట మొదలుపెట్టి నిమిషంలో ఆపేసి మళ్లీ మొదలుపెడతాడు. గంటకి యాభై సార్లు. రికార్డు కోసం అంటాడు. నాకు చూస్తేనే టెన్షన్. ఇదేం ఆటండీ?
— ఒక తల్లి, రావులపాలెం

జవాబు: అమ్మా, ఆ ఆటలో మొదటి అంతస్తులోనే ఒక ట్రెజర్ రూమ్ ఉంటుంది. అందులో మంచి వస్తువు రాకపోతే ఆ రన్ ఇక రికార్డుకి పనికిరాదు. అందుకే బాబు ఆర్ మీట నొక్కి పట్టుకుని మళ్లీ మొదలుపెడుతున్నాడు. రికార్డుల కోసం ఆడేవాళ్లు చాలామంది చేసేది ఇదే. ఎన్నిసార్లయినా మొదలుపెట్టు, మంచి టైము ఒక్కటే లెక్క అని రూలు ఉన్నంతకాలం ఎవరైనా అదృష్టం కోసం కాచుకు కూర్చోవాల్సిందే. బాబుని తప్పు పట్టకండి.

ఐజాక్ ఆడేవాళ్లే దీనికి ఒక దారి కనిపెట్టారు: వరసగా చాలా పాత్రలతో పూర్తి చేసి మొత్తం టైము కలిపి లెక్కించడం. ఒక్క మంచి వస్తువు అంత దూరం మోయలేదు. ఇలా ఆడి చూడమని బాబుతో చెప్పండి. వాడి వయసెంతో మీరు రాయలేదు. ఆ ఆటలో రక్తం, భయపెట్టే బొమ్మలు బాగా ఉంటాయి. చిన్నవాడైతే ఒక పూట పక్కన కూర్చుని చూడండమ్మా.

ప్రశ్న: గోడలోంచి దూరిపోయే బగ్ వాడి ఆడిన టైము చెల్లుతుందా?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: చెల్లుతుంది, గ్లిచ్‌లతో అనే వేరే చార్టులో. పక్కన ఆట వెర్షన్ నంబరు రాయండి. రేపు అప్‌డేట్ వచ్చి ఆ బగ్ పోయినా ఆ టైము కొట్టేయకండి. పాత వెర్షన్ టైముగా అక్కడే ఉంచండి.