ఇస్త్రీ మాసిక ఊడకుండా వేసే పద్ధతి

పర్లాకిమిడి,
బుధవారం

చి. బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

పెద్దాడి స్కూలు ప్యాంటు మోకాలికి అంటించిన మాసిక రెండో ఉతుక్కే మూలలు లేచిపోయిందని రాశావు. మాసికని తిట్టకు. మీ ఇంట్లో బట్టలన్నిటికీ గంజి పెడతారు కదా, అనుమానం ముందు దాని మీదే పోతుంది. ఆ మాసిక వెనక ఉండేది వేడికి కరిగే జిగురు. కరిగి పోగుల సందుల్లోకి దిగితే, చల్లారాక గట్టిపడి పట్టుకుంటుంది. మధ్యలో గంజి పొర ఉంటే ఆ పొరనే పట్టుకుంటుంది. ఉతికినప్పుడు గంజి కరుగుతుంది, దాంతోపాటే మాసికా వస్తుంది. నూనె మరకా అంతే. బట్ట మెత్తగా ఉండాలని ఆఖరి జాడింపులో పోసే ద్రవమూ అంతే. అందుకని ప్యాంటుని ఉత్త సబ్బుతో ఉతికి, రెండుసార్లు జాడించి, పూర్తిగా ఆరనివ్వు. కొత్త బట్టైనా ఉతికే మొదలుపెట్టు. మాసిక వేశాక బట్ట కుదించుకుపోతే చుట్టూ ముడతలు పడతాయి.

ఈ వానల్లో తీగ మీద ఆరినట్టు కనిపించిన బట్టలో కూడా చెమ్మ ఉంటుంది. మాసిక వేసే చోట ముందు ఉత్త ఇస్త్రీ ఒకటి చేసి ఆ చెమ్మ పోగొట్టు.

పాత మాసికను చల్లగా ఉన్నప్పుడు పీకితే బట్ట కూడా చిరుగుతుంది. పది, పదిహేను సెకన్లు వేడి చేసి, వేడి మీదే మూల నుంచి మెల్లగా లాగు. మిగిలిన జిగురు మీద పనికిరాని నూలు గుడ్డ వేసి ఇస్త్రీ ఒత్తి, వెంటనే లాగేస్తే గుడ్డకి కొంత అంటుకుని వస్తుంది. చోటు మార్చి మూడు నాలుగు సార్లు చెయ్.

ఇప్పుడు చిరుగు. వేలాడే పోగులు కత్తిరించు, అంతేగాని గుండ్రంగా చేద్దామని కన్నం పెద్దది చేయకు. మేకుకి తగులుకుని మూలగా చిరిగితే అంచులు దగ్గరికి లాగి, పడుగూ పేకా తిన్నగా వచ్చేలా సర్ది, నాలుగు టాకాలు వేసి పట్టించు. తర్వాత ప్యాంటుని కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టి చూడు. కన్నం చుట్టూ బట్ట జల్లెడలా పలచబడి, వెలుతురు ఎక్కువగా దూరే చోటు ఒకటి కనిపిస్తుంది. మాసిక ఆ పలచన దాటి గట్టి బట్ట మీదికి రావాలి. కన్నానికి సరిపడా కత్తిరిస్తే జిగురు పీలిక బట్టని పట్టుకుంటుంది, వారంలో పక్కనే ఇంకో చిరుగు. మామూలు చోట నాలుగు వైపులా ఒక సెంటీమీటరు, మోకాలికైతే రెండు సెంటీమీటర్లు వదులు. అంటే మూడు సెంటీమీటర్ల కన్నానికి ఏడు సెంటీమీటర్ల ముక్క. మూలలు మాత్రం ఉంచకు. పది రూపాయల బిళ్ళ పెట్టి పెన్సిలుతో గీసి గుండ్రంగా కత్తిరించు. మాసిక లేవడం మొదలయ్యేది మూల నుంచే.

మోకాలికి పైనుంచి వేయడమే నాకు ఇష్టం, రాపిడి మాసిక తీసుకుంటుంది. యూనిఫాం కదా, కనిపించకూడదంటే లోపలి నుంచి వెయ్. అప్పుడు కన్నంలోంచి జిగురు బయటికి కనబడుతుంది, ఇస్త్రీ పెట్టెకి అంటుకుంటుంది. కేకులకి వాడే బేకింగ్ పేపరు ముక్క పైన వేస్తే ఆ బాధ ఉండదు. న్యూస్ పేపరు వద్దు, సిరా దిగుతుంది. ఎటు నుంచి వేసినా ప్యాంటు కాలి లోపల, రెండు పొరల మధ్య ఒక బేకింగ్ పేపరు పెట్టడం మరిచిపోకు. లేకపోతే ముందూ వెనకా అతుక్కుని కాలు దూరదు.

ఇస్త్రీ మంచం మీద చేయకు. పరుపు కుంగితే ఒత్తిడి నిలవదు. బల్ల మీద దుప్పటి రెండు మడతలు వేసి చెయ్. పెట్టెలో నీళ్ళుంటే పారబోసి ఆవిరి ఆపెయ్. డయల్ మీద చుక్కలుంటాయి చూడు: ఒకటి సుమారు 110 డిగ్రీలు, రెండు 150, మూడు 200. జీన్స్‌కీ నూలుకీ మూడు చుక్కలు. పెద్దాడి ప్యాంటులాంటి టెర్రీకాటన్‌కి (పాలిస్టరు కలిసిన నూలు) రెండే, అదీ పైన పలచని నూలు రుమాలు వేసి. లేకపోతే బట్ట మీద నూనె రాసినట్టు మెరుపు పడుతుంది, అది ఇంక పోదు. మాసిక ప్యాకెట్టు మీద వేరే లెక్క రాసుంటే దాని ప్రకారమే చెయ్, జిగురులు అన్నీ ఒకటి కావు.

బట్టని పది సెకన్లు వేడి చేసి, మాసికని జిగురు వైపు కిందికి పెట్టు. జిగురు వైపు కొంచెం మెరుస్తుంది, వేలికి గరుకుగా తగులుతుంది. పెట్టెని పైన పెట్టి, చేతి బరువంతా వేసి 30 నుంచి 40 సెకన్లు అలాగే ఒత్తి ఉంచు. మామూలు ఇస్త్రీలా అటూ ఇటూ తోశావో, కరిగిన జిగురు మీద మాసిక జారిపోతుంది. ఆవిరి పెట్టెకి అడుగున కన్నాలుంటాయి, వాటి కింద వేడి తగలదు. అందుకని ఎత్తి, కొంచెం పక్కకి పెట్టి మళ్ళీ ఒత్తు. అంచుల మీద ఇంకాస్త సేపు. తర్వాత బట్ట తిరగేసి వెనక నుంచి ఇంకో 20 సెకన్లు.

చాలామంది పాడుచేసేది ఇక్కడే. అంటుకుందా లేదా అని వేడి మీద గోరుతో లేపి చూస్తారు. ముట్టుకోకు. చిన్న పీట బోర్లించి పది నిమిషాలు వదిలెయ్. చల్లారాక గోటితో అంచు గీకి చూడు, లేస్తే మళ్ళీ 15 సెకన్లు ఒత్తు.

బొగ్గుల పెట్టెతో చేసే ఇస్త్రీవాళ్ళకి నూలు బట్టైతే ఇవ్వొచ్చు. టెర్రీకాటన్ మాత్రం ఇవ్వకు, ఆ పెట్టెకి చుక్కలుండవు.

వంగే చోట జిగురొక్కటే చాలదు. మాసిక అంచుకి రెండు మూడు మిల్లీమీటర్లు లోపలగా చుట్టూ కుట్టెయ్. చేత్తో అయితే కాజా కుట్టు, మిషనైతే జిగ్‌జాగ్. జీన్స్‌కి 16 నంబరు సూది పెట్టు. సూదికి జిగురు పట్టి దారం తెగుతుంటే స్పిరిట్ గుడ్డతో తుడు.

ఒక రోజంతా ఆగి ఉతుకు. తిరగేసి, చన్నీళ్ళతో, బ్రష్షు లేకుండా. బండకేసి బాదకు. మాసిక మీద నేరుగా వేడి పెట్టె పెట్టినా జిగురు మళ్ళీ కరిగి అంచుల్లోంచి వస్తుంది, తిరగేసి చెయ్.

నైలాన్ రెయిన్‌కోటుకీ, స్కూలు బ్యాగుకీ, స్వెట్టరుకీ ఈ పని పెట్టుకోకు. లెగ్గింగు సాగుతుంది, మాసిక సాగదు. నీ బరంపురం పట్టుచీర కొంగు చిరుగు గురించి అడిగావు, దాని జోలికి అసలే వెళ్ళకు. జిగురు మరక పట్టు మీద నుంచి పోదు. రఫూ చేసేవాళ్ళకే ఇవ్వు.

మీ గుణుపురంలో దొరక్కపోతే టైలర్లు కాలరుకి వాడే ఫ్యూజింగ్, అంటే ఇస్త్రీ చేస్తే అంటుకునే గుడ్డ, అడుగు. చిన్న కన్నాలకి లోపలి నుంచి అది సరిపోతుంది. ఒడియా దుకాణంలో మాసికని ‘తాళి’ అంటారు. ఇస్త్రీతో అంటించే తాళి కావాలని నువ్వడుగుతుంటే పక్కనున్న మనవాళ్ళు ఏమనుకుంటారో చూసుకో!

చిన్నాడి నీలం చొక్కా మోచేతి చిరుగు కొలత స్కేలుతో చూసి రాయి, పలచబడినంత మేరా కలిపి. అదే రంగువి రెండు ముక్కలు కత్తిరించి, రైల్లో అటు వచ్చేవాళ్ళ చేత పంపిస్తాను.

మీ పెద్దమ్మ