రాత్రి బండి తీయకు బిడ్డా

హనుమకొండ,
ఆదివారం.

బిడ్డా,

నువ్వు కారు కొన్నావని తెలిసిన రోజు వాడకట్టంతా తిరిగి చెప్పుకొచ్చాను. మన ఇంట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్లవు నువ్వే. మీ తాతకు సైకిల్ కూడా రాకపోయేది. ఆ సంతోషంలో ఉండగానే నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. సద్దుల బతుకమ్మకు నువ్వు రెండో షిఫ్టు అయిపోగానే, రాత్రి పదకొండున్నరకు ఆఫీసు నుంచే బయలుదేరతావట, వెంట ఇద్దరు దోస్తులను కూడా ఎక్కించుకొస్తావట. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఫోన్లో చెబితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

టైర్లలో గాలి, పెట్రోలు, ఫాస్టాగ్‌లో పైసలు, కాగితాలు చూసుకో. అవి నీకు నేను చెప్పేదేముంది. స్టెప్నీ మాత్రం ఒక్కసారి పగటిపూట నీ చేత్తో మార్చి చూడు.

ఇక అసలు సంగతి. 2011 నవంబర్‌లో మాకు జరిగింది నీకు తెలుసు. అప్పుడు చిన్నపిల్లవు, అత్తమ్మ చేతి సిమెంటు కట్టు మీద పెన్నుతో తంగేడు పువ్వు గీశావు. ఎదురుగా వచ్చిన లారీ లైట్లు కళ్లలో కొట్టాయని, లైటు లేని పత్తి ట్రాక్టర్ కనిపించలేదని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నాను. మీ అమ్మకూ అదే చెప్పాను.

లారీ ఏదీ రాలేదు బిడ్డా.

హైదరాబాద్ ఉప్పల్‌లో మీ అత్తమ్మ అన్న కూతురి పెళ్లి. భోజనాలు, అప్పగింతలు అయ్యేసరికి పన్నెండున్నర దాటింది. "పొద్దున పోదాం, ఇక్కడే నడుం వాల్చుదాం" అంది అత్తమ్మ. నేను వింటేనా! పొద్దున బడిలో ఇన్‌స్పెక్షన్ ఉంది, లెక్కల సారు లేకపోతే ఎట్లా అని మొండికేశాను. నిజానికి ఆ ఇన్‌స్పెక్షన్‌కు ఎవరూ రానే లేదట, తర్వాత తెలిసింది. ఆలేరు దాటాక కళ్లు మండాయి. అద్దం దించాను, ముఖం మీద నీళ్లు చల్లుకున్నాను, పాటల సౌండు పెంచాను. జనగామ బస్టాండ్ దగ్గర టీ కొట్టు తెరిచే ఉంది. "ఒక్క ఐదు నిమిషాలు ఆపరాదూ" అంది. "గంటలో ఇంట్లో ఉంటాం, పండుకో" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

టీ కొట్టు గుర్తుంది. ఆ తర్వాత రఘునాథపల్లి రావాలి. వచ్చింది, దాటాం కూడా. కానీ ఆ ఊరు నాకు గుర్తు లేదు. బస్టాపు లేదు, దుకాణాలు లేవు, కుక్క కూడా లేదు. తర్వాత నాకు తెలిసింది అత్తమ్మ కేకే. కళ్లు తెరిచేసరికి ముందర తెల్లటి గోడ. పత్తి నింపిన ట్రాక్టర్ అది, ఎనుమాముల మార్కెట్‌కు పోతూ పంక్చరై సగం రోడ్డు మీదే ఆగింది. ఎడమకు కోశాను. కారు గట్టు దిగి, ఒక పల్టీ కొట్టి, కోసిన వరిమడిలో పక్కకు ఒరిగి ఆగింది.

టేప్‌లో పాట మాత్రం ఆగలేదు. నోట్లో ఏదో గరగరమంటే గాజుపెంకులు అనుకుని ఉమ్మాను. బియ్యం. అత్తమ్మకు వాళ్ల వదిన పోసిన ఒడిబియ్యం మూట విప్పుకుని కారంతా చల్లుకుంది. ఆమె జుట్టులో, నెత్తుటిలో అన్నీ పసుపు గింజలే. పట్టుచీర నలుగుతుందని బెల్టు పెట్టుకోలేదు, నేనూ పెట్టుకోమనలేదు. నాకు బెల్టు ఉంది, చెవి వెనక చిన్న దెబ్బ తప్ప ఒంటి మీద గీత పడలేదు. ఆమెకు చెయ్యి విరిగింది, నుదుట పదకొండు కుట్లు. ఆమె అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "బియ్యం అన్నీ పోయినయా?"

ఆ ట్రాక్టర్ రైతే పరుగెత్తుకొచ్చాడు. నాకంటే ఎక్కువ ఏడ్చాడు పాపం. నేను ఆమెను గుంజబోతే "కదపకు సారూ, మెడ పట్టుకో" అని ఆపి 108కు ఫోన్ చేశాడు. లైటు పెట్టకపోవడం అతని తప్పే. కానీ నేను మేలుకుని ఉంటే బ్రేకు వేసేవాణ్ణి. పోలీసులొస్తే ఎక్కడ ఇరుక్కుంటానోనని అతను వణికిపోయాడు. ఇప్పుడైతే, దెబ్బ తగిలినవాళ్లకు సాయం చేసినవాళ్లకు రక్షణ 2019లో మోటారు వాహనాల చట్టంలోనే చేర్చారు, వాళ్ల పేరు, అడ్రసు బలవంతంగా అడగకూడదని 2020లో నిబంధనలు కూడా వచ్చాయి. దారిలో ఎవరైనా పడి ఉంటే భయపడి పోకు. 108, హైవే మీద అయితే 1033.

లెక్క చెబుతాను విను. గంటకు ఎనభైలో పోతుంటే సెకనుకు 22 మీటర్లు. మూడు సెకన్లు కళ్లు మూతపడితే 66 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. రోడ్డు ఇప్పుడు నాలుగు వరసలైంది కదా అంటావు. ఎంత సాఫీగా ఉంటే అంత తొందరగా జోకొడుతుంది. అద్దం దించితే, పాట పెడితే నిద్ర పోదు. పక్కన ఆపి, డోర్లు లాక్ చేసి ఇరవై నిమిషాలు పడుకుంటేనే కాస్త తేలిక. వెనక దాటిన ఊరు గుర్తు చేసుకో. గుర్తు రాలేదంటే అప్పటికే నిద్రలో ఉన్నావన్నమాట, వెంటనే వెలుగున్న చోట ఆపు.

వెనక కూర్చునే దోస్తులకు కూడా బెల్టు పెట్టించు. నవ్వినా సరే, పెట్టేదాకా బండి కదపకు. బతుకమ్మ కోసం కొన్న ఇత్తడి తాంబాళం వెనక అద్దం కింద పెట్టుకుని వస్తావేమో, డిక్కీలో పెట్టు. ఆ రోజు పెళ్లిలో ఇచ్చిన చెంబు ఎగిరొచ్చి నా చెవి వెనక తగిలింది, ఇప్పటికీ అక్కడ చిన్న బొడిపె ఉంది.

అత్తమ్మ ఆసుపత్రిలోనే సమ్మక్కకు మొక్కుకుంది. 2012 ఫిబ్రవరి జాతరకు మేడారం పోయి నిలువెత్తు బంగారం ఇచ్చాం, అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు కదా. అత్తమ్మ తక్కెడలో కూర్చుంటే బెల్లం 52 కిలోలు తూగింది. "బక్కగైన గనుక నీకు పైసలు మిగిలినయ్" అని నన్ను ఎకసెక్కమాడింది. అందరూ నవ్వారు. నేను తక్కెడ వెనక్కి పోయి ముఖం కడుక్కున్నాను. ఇప్పటికీ రాత్రి మెలకువ వస్తే, ఆమె ఊపిరి చప్పుడు వినిపించేదాకా అటే చూస్తూ ఉంటాను. లారీ సంగతి అబద్ధమని ఆమెకు తెలుసు. ఒక్కసారి కూడా అనలేదు.

ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాకే నీకు పంపుతున్నాను. విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "షిఫ్టు అయినంక రూముకు పోయి పండుకొమ్మను. పొద్దున ఆరింటికి బయలెల్లినా తొమ్మిదిన్నరకల్లా ఇంట్ల ఉంటది. గునుగు, తంగేడు నీళ్లల్ల పెడత, మొదటి వరస అదొచ్చినంకనే పేరుస్త" అంది. మలీద ముద్దలు కూడా నీకోసం ఒక డబ్బా పక్కన పెడుతుందట.

కోమళ్ల టోల్‌గేటు దాటాక పక్కకు ఆపి ఫోన్ చెయ్యి. నడుపుతూ చేయకు.

మీ మామ